తొలకరి వజ్రాలు, వార్తల వల

తొలకరి వాన పడిందంటే కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరి చేలల్లోకి జనం తరలివస్తారు. పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి, వాటిలో ఒక్క వజ్రమైనా దొరక్కపోతుందా అని ఆశ. క్రిప్టో మోసగాళ్లకూ ఇలాంటి అదను ఒకటుంది. ఊరంతా ఒకే వార్త మాట్లాడుకునే రోజున వాళ్లు వల వేస్తారు.

2021 డిసెంబరు 12 తెల్లవారుజామున ప్రధాని మోదీ ట్విట్టర్ ఖాతాలో ఒక సందేశం కనబడింది. భారత్ బిట్‌కాయిన్‌ను చట్టబద్ధం చేసిందట, ప్రభుత్వం 500 బిట్‌కాయిన్లు కొని ప్రజలకు పంచుతోందట. కింద ఒక లింకు. ఖాతాలోకి ఎవరో చొరబడ్డారని, ఆ సందేశాన్ని పట్టించుకోవద్దని ప్రధాని కార్యాలయం వెంటనే చెప్పింది. అయినా ఆ అబద్ధం అతికినట్టు ఎందుకుందంటే, ఆ శీతాకాల సమావేశాల్లో పార్లమెంటు ముందుకు వచ్చే బిల్లుల జాబితాలో క్రిప్టో బిల్లు కూడా ఉంది. దొంగ మనకంటే శ్రద్ధగా పేపరు చదివాడు. 2024 సెప్టెంబరు 20న సుప్రీంకోర్టు యూట్యూబ్ చానల్లోకీ చొరబడి క్రిప్టో ప్రచార వీడియోలు పెట్టారు. పెద్ద పేరు చూసి నమ్మే కాలం పోయింది.

ఇంతకీ లింకు నొక్కితే పోయేదేమిటి? క్రిప్టో వాలెట్‌లో నాణేలుండవు. వాటి లెక్క బ్లాక్‌చెయిన్ అనే, అందరికీ కనబడే చిట్టాలో ఉంటుంది, వాలెట్ దాచేది తాళంచెవిని మాత్రమే. 2,048 మాటల పట్టికలోంచి ఏరిన 12 లేదా 24 మాటలే ఆ తాళంచెవికి మూలం. 12 మాటలతో ఏర్పడే తాళంచెవుల సంఖ్య రాస్తే 39 అంకెలు పడతాయి. ఊహించి పట్టుకోవడం ఏ కంప్యూటర్ తరమూ కాదు. అందుకే దొంగ తాళంచెవిని మనచేతే ఇప్పించుకుంటాడు. "బహుమతి జమ కావాలంటే మీ 12 మాటలు టైపు చేయండి" అంటుంది నకిలీ పేజీ. ఒక్కోచోట మాటలు అడగరు, 'ఆమోదించు' అని ఒక మీట చూపిస్తారు. నొక్కామా, మన నాణేలు తీసుకునే హక్కు వాళ్లకు రాసిచ్చేసినట్టే. ఒకసారి జరిగిన బదిలీని వెనక్కి తిప్పే మేనేజరు ఈ వ్యవస్థలో లేడు.

ప్రొద్దుటూరు అంగడిలో పాత నగ పెడితే షరాబు ముందు గీటురాయి మీద గీస్తాడు, ధర మాట తర్వాత. లింకుకు గీటురాయి దాని చిరునామా. కవరు మీద మనిషి పేరు ముందు, జిల్లా చివర రాసినట్టే, వెబ్ చిరునామాలో అసలు యజమాని మొదటి ఒంటి గీతకు (/) ముందు, చివర్లో ఉంటాడు. 'పీఎంఓ.గవ్.ఇన్.ఫలానా.కామ్' అని ఉంటే ఆ పేజీ ప్రభుత్వానిది కాదు, ఫలానా వాడిది. ఇంగ్లిషు 'ఎ' బదులు అచ్చం అలాగే కనబడే రష్యన్ అక్షరం పెట్టే మాయ కూడా ఉంది, దాన్ని కన్ను పట్టలేదు. కాబట్టి వార్తతో వచ్చిన లింకు నొక్కకుండా, చిరునామా మీరే టైపు చేయండి.

ఆ 12 మాటలు ఎవరడిగినా ఇవ్వకండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. రూపాయలు ఇంకా ఏదైనా బ్యాంకు ఖాతాలో ఉండగానే ఆపగలిగేది ఆ మొదటి గంటల్లోనే.