ఇంటి చుట్టూ పెరిగే విషపు మొక్కలు

కమాన్‌పూర్ చుట్టుపక్కల చేను గట్టున, ఇంటి వెనుక ఉండే అడవి ఆముదం చెట్టు మీకు తెలిసిందే. కొందరు దీన్ని నేపాళం అంటారు. మేకలు ముట్టవు కాబట్టి కంచెకు బాగా పనికొస్తుంది. ఈ గింజల నూనెతో డీజిల్ చేయవచ్చని 2003లో ప్రణాళికా సంఘం నివేదిక వచ్చాక దేశంలో చాలాచోట్ల బీడు భూముల్లో, రైలు పట్టాల వెంట కూడా నాటారు.

మేకకు తెలిసిన సంగతి పిల్లలకు తెలియదు. కాయ పగులగొడితే లోపలి పప్పు పల్లీలా కమ్మగా ఉంటుంది. ఒకడు బాగుందంటే మిగతావాళ్లూ తింటారు. అందుకే ఇలాంటి కేసుల్లో ఐదారుగురు పిల్లలు ఒకేసారి ఆసుపత్రికి వస్తుంటారు. త్వరలోనే కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు మొదలై ఒంట్లో నీరు తగ్గిపోతుంది. సకాలంలో సెలైన్ ఎక్కిస్తే చాలామంది కోలుకుంటారు.

గన్నేరు అలా కాదు. ఎర్ర గన్నేరైనా పచ్చ గన్నేరైనా అన్ని భాగాల్లోనూ గుండె కొట్టుకునే తీరును దెబ్బతీసే విషం ఉంటుంది. రెండు వాంతులయ్యాక మనిషి తేరుకున్నట్టు కనిపిస్తాడు. "విషం పోయింది" అని ఇంట్లోనే ఉంచకండి. కొన్ని గంటల తరువాత కూడా నాడి నెమ్మదించి ప్రాణం మీదికి రావచ్చు. ఈసీజీ తీసి, కనీసం ఒక రోజు ఆసుపత్రిలో గమనించాలి. మనస్తాపంతో పెద్దవాళ్లు తిన్నప్పుడు కేసవుతుందని దాచిపెట్టకండి. అలాంటి వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించి, శిక్షించకుండా చికిత్స అందించాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది.

ఉమ్మెత్త కాయ తిన్న పిల్లవాడికి ఒళ్లు కాలుతుంది, నోరు ఎండిపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి. ఏదేదో మాట్లాడుతూ, గాలిలో లేనిదాన్ని పట్టుకోబోతాడు. గాలి సోకిందని మంత్రం వేయించడానికి తిరిగితే విలువైన గంటలు పోతాయి.

వినాయక చవితి పత్రిలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు మూడూ ఉంటాయి. పత్రికి పిల్లలనే పంపుతాం కదా! తిరిగి రాగానే సబ్బుతో చేతులు కడిగించండి. ముల్లు దిగిన చోట జిల్లేడు పాలు పూసి, అదే చేత్తో కన్ను నలుపుకునేవారున్నారు. మొదట నొప్పి అంతగా ఉండకపోవచ్చు, తరువాత చూపు మసకబారుతుంది. పావుగంటకు తగ్గకుండా మంచినీళ్లతో కడిగి కంటి డాక్టరుకు చూపించాలి. చనుబాలు, ఆముదం కంట్లో వేయకండి.

ఒకప్పుడు బంగారం తూచిన గురివింద గింజ కూడా విషమే. గట్టి పెంకు పగలకుండా మింగితే చాలాసార్లు అలాగే బయటికి పోతుంది. నమిలినా, దండకోసం రంధ్రం చేసిన గింజ మింగినా ప్రమాదం. లక్షణాలు ఆలస్యంగా, ఒక్కోసారి మరునాడు కూడా కనిపించవచ్చు కాబట్టి ఆసుపత్రికి వెళ్లడానికి అవి కనబడేదాకా ఆగకండి.

ఏది తిన్నా ముందుగా నోట్లో మిగిలినది తీసి, నీళ్లతో పుక్కిలించనివ్వండి. ఉప్పునీళ్లు, చింతపండు రసం, సబ్బునీళ్లు, పేడనీళ్లు తాగించి వాంతి చేయించవద్దు. మగతగా ఉన్నవారికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చిన్నపిల్లలకైతే ఉప్పునీళ్లే ప్రాణాంతకం కావచ్చు. 108కి ఫోన్ చేయండి. తిన్న కాయనో కొమ్మనో ఒక కవర్లో వేసి వెంట తీసుకురండి, డాక్టరుకు సగం పని తగ్గుతుంది. ఎప్పుడు తిన్నదీ, ఇంకా ఎవరెవరు తిన్నదీ పిల్లవాణ్ణే నెమ్మదిగా అడగండి. కొడతారని భయపడితే చెప్పడు.