చిన్న పనిలో కృతజ్ఞత

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు ఎక్కి "ఎల్బీనగర్" అని టికెట్ అడిగేటప్పుడు, ఆ ఎల్, బీ అక్షరాలు ఎవరివో ఎన్నడైనా తలంచామా? అవి లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరులోనివి. 1965లో దేశానికి ధాన్యము చాలనప్పుడు ఆయన ప్రజలను కోరినది చాలా చిన్న సంగతి: వారానికి ఒక్కపూట భోజనము మానండి. ముందు తన ఇంటిలో మాన్పించి చూచిన తరువాతే అడిగారంటారు. "జై జవాన్, జై కిసాన్" అన్న నినాదమూ ఆ ఏటిదే. సరిహద్దులో నిలిచినవానికి, పొలము దున్నినవానికి అది కృతజ్ఞతే కదా!

మనమైతే "థాంక్యూ" అని సరిపెట్టుకొంటాము. అదైనా పెద్దవారికే. మా వీధి ఊడ్చే అమ్మ మూడేండ్లు మా గేటు ముందుకు వచ్చినది. ఒక ఎండాకాలము ఆమే "సారూ, జర మంచినీళ్లిస్తరా?" అని అడిగేవరకు నాకు తోచలేదు. స్వస్థపడియు తిరిగిరాని ఆ తొమ్మిదిమంది కుష్ఠరోగులలో నేనూ ఒకడిననిపించినది. ఆ దినమే ఆమె పేరు అడిగాను, నవ్వి చెప్పినది.

ఇప్పుడు గేటు ప్రక్కన కుండ ఉన్నది. నింపడము మా చిన్నవాని పని. ఒక్కొక్క దినము మరచిపోతాడు. అప్పుడు ఆమే గేటు తట్టి పిలుస్తుంది.