నిమ్మ, బత్తాయి తోటలు – పాడి పశువులు

మన సంఘాల సభ్యులలో పలువురికి పాడితో పాటు నిమ్మ, బత్తాయి చెట్లు కూడా ఉన్న సంగతి విదితమే. గూడూరు, వెంకటగిరి ప్రాంతాలలోను, తెనాలి చుట్టుప్రక్కలను నిమ్మ ఎక్కువ. నల్గొండ వైపు బత్తాయి ఎక్కువ. అదే బత్తాయిని అనంతపురం, కడప వైపు చీని అంటారు. మేము తనిఖీకి వెళ్ళిన ఊళ్ళలో లెక్కల పుస్తకాలు మూసిన తరువాత సభ్యులు తరచు అడిగే ప్రశ్న ఒకటున్నది: తోట, పాడి ఒక్కచోట పొసగుతాయా? పొసగుతాయి. అయితే అవి ఒకదానికొకటి మేలు చేయగలవు, కీడూ చేయగలవు. ఆ రెండు విధాలను ఇక్కడ వివరిస్తున్నాము.

రాబడి సంగతి

బత్తాయి అంటు నాటిన తరువాత కాపు చూడడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. ఆపైన కూడా పండ్ల డబ్బు ఏడాదిలో ఒకటి రెండు సార్లే చేతికి వస్తుంది. పాల బిల్లు అట్లా కాదు, గడువు ప్రకారం వస్తూనే ఉంటుంది. తోట ఎదిగే కాలంలో ఇల్లు గడిపేది పాడే. బాగా చూసుకున్న తోట ఇరవై ఏళ్ళు కాస్తుంది. ఎనిమిదవ ఏట చెట్టు చనిపోతే పోయేది ఒక చెట్టు మాత్రమే కాదు, దానికి పెట్టిన ఎనిమిదేళ్ళ నీరు, ఎరువు, చాకిరీ కూడా పోతాయి. ఆ గుంతలో మళ్ళీ మొక్క నాటితే మరి నాలుగైదేళ్ళు కాచుకోవలసిందే.

పేడ ఎరువు లెక్క

అయిదేళ్ళు దాటిన బత్తాయి చెట్టుకు ఏడాదికి 1500 గ్రాముల నత్రజని కావాలని మన వ్యవసాయ శాస్త్రజ్ఞుల సిఫారసు. అందులో నాలుగవ వంతు, అనగా 375 గ్రాములు, పశువుల ఎరువు ద్వారా ఇవ్వాలి. బాగా చివికిన పశువుల ఎరువులో నత్రజని సుమారు అర శాతం ఉంటుంది. ఈ లెక్కన చెట్టుకు 75 కిలోల ఎరువు కావాలి. ఎనిమిది మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు దాదాపు 62 చెట్లు పడతాయి. మొత్తం నాలుగున్నర టన్నుల పైచిలుకు. రోజుకు పన్నెండు కిలోల పేడ వేసే పశువు వద్ద, చివికిన తరువాత, ఏడాదికి రెండు టన్నులకు పైగా ఎరువు మిగులుతుంది. కాబట్టి ఎకరం తోటకు రెండు పశువులు దాదాపు చాలును. పేడను పిడకలకు వాడుకునే ముందు సభ్యులు ఈ లెక్కను ఒకసారి చూడగలరు.

పచ్చి పేడ వేయరాదు. అది వేడిమి పుట్టించి వేళ్ళకు హాని చేస్తుంది, చెదను పిలుస్తుంది. ఎరువును మొదలు వద్ద కుప్ప పోయకుండా, మొదలుకు మూడు నాలుగు అడుగుల దూరంలో, కొమ్మల నీడ అంచు వరకు చల్లి పైపైన మట్టిలో కలపాలి. ఆహారం పీల్చే సన్నని వేళ్ళు ఎక్కువగా అక్కడే, పై మట్టిలో ఉంటాయి. లోతుగా దున్నితే అవే తెగుతాయి.

చెట్టుకు పశువును కట్టరాదు

చెట్టు నీడలో గేదెను కట్టడం మనకు అలవాటు. పలుపు రాపిడికి, కొమ్ముల తాకిడికి బెరడు లేస్తుంది. గిట్టల క్రింద నేల గట్టిపడి నీరు ఇంకదు. మొదలు ఎప్పుడూ తడిగా ఉంటుంది. నేలలోని శిలీంధ్రం గాయం గుండా లోపలికి పోయి బంక తెగులు కలుగజేస్తుంది. మొదట బెరడు చిట్లి బంక కారుతుంది, తరువాత ఆకులు పసుపు పచ్చబడతాయి, చివరకు చెట్టు చుట్టూ బెరడు కుళ్ళి చెట్టే చనిపోతుంది.

అంటు కట్టిన చోటు నేలకు కనీసం అర అడుగు ఎత్తున ఉండాలి. అడుగున ఉన్న రంగపూరు నిమ్మ వేరుమూలం తెగులును కొంత తట్టుకుంటుంది గాని పైనున్న బత్తాయి బెరడు తట్టుకోలేదు. పేడ, మట్టి ఎగదోసి ఆ చోటును కప్పితే తెగులును మనమే పిలిచినట్లవుతుంది.

బంక కనబడగానే కుళ్ళిన బెరడును గోకివేసి బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలుతుత్తం అయిదు లీటర్ల నీటిలోను, కిలో సున్నం మరి అయిదు లీటర్ల నీటిలోను వేరువేరుగా కలిపి, రెండింటిని ఒక్కటి చేయాలి. ఇనుప పాత్ర వాడరాదు. వానలకు ముందు అన్ని చెట్ల మొదళ్ళకు రెండు మూడడుగుల ఎత్తు వరకు పూస్తే మేలు.

తోటలో మేత

లేత తోటలో మొదటి మూడు నాలుగేళ్ళు అలసంద, పిల్లిపెసర వంటివి వేసుకోవచ్చు. మేతా వస్తుంది, నేలకు బలమూ వస్తుంది. నేపియరు గడ్డి మాత్రం చెట్ల మధ్య తగదు. బత్తాయి జనవరి–ఫిబ్రవరిలో పూయాలంటే అంతకు ముందు కొన్ని వారాలు, నేలను బట్టి, నీరు ఆపి బెట్టకు వదలాలి. ఏడాది పొడుగునా తడి కోరే గడ్డి ప్రక్కనే ఉంటే బెట్ట కుదరదు, పూత కుదరదు. నేపియరును వేరే మడిలో వేసుకోవలెను.

మందు చల్లిన తోటలో డబ్బా మీద రాసిన గడువు తీరే వరకు గడ్డి కోయరాదు, పశువులను వదలరాదు. పురుగు మందులు మేత ద్వారా పాలలోకి రాగలవు. ఒక్కరి పాలు సంఘం పాలన్నింటితో కలుస్తాయి, ఇది అందరి పేరుకు సంబంధించిన విషయం. రాగి కలిసిన మందులు గొర్రెలకు మరీ ప్రమాదం.

రాలిన పండ్లు, తొక్కలు

రసం తీసిన తొక్క, పిప్పిని ఎండబెట్టి ఫ్లోరిడా రాష్ట్రంలోను, బ్రెజిల్ దేశంలోను పాడి పశువులకు దాణాగా వాడుతున్నారు. మేలైన మేతే. కాని పచ్చి తొక్క ఒకటి రెండు రోజులకే పులిసి బూజు పడుతుంది. బూజు పట్టినది పెట్టరాదు. పండ్లను ముక్కలు చేయకుండా వేస్తే గొంతులో అడ్డుపడి పశువు ఉబ్బి చనిపోవచ్చు. గంపలకొద్దీ ఒక్కసారి పెడితే కడుపు పులిసి పశువు మేత మానివేస్తుంది, పాలు తగ్గుతాయి. తాజాగా ఉన్నవి కోసి, కొద్దికొద్దిగా, ఎండు గడ్డితో కలిపి అలవాటు చేయాలి.

పేడ తోటకు, మేత పశువుకు, పాలు సంఘానికి చేరాలి. పలుపు మాత్రం చెట్టును తాకరాదు. ఈ విషయాలను కార్యదర్శులు రాబోయే సభ్యుల సమావేశంలో చదివి వినిపించగలరని కోరుచున్నాము.