అన్వేకము: విడదీసిన విచ్చుకొను మాట

ఖమ్మం జిల్లాలో ఆంధ్రప్రదేశ్ సరిహద్దు చేరువనున్న వేంసూరు నేడు సత్తుపల్లి శాసనసభ నియోజకవర్గములో భాగము. ఒకప్పుడు వేంసూరే ఒక నియోజకవర్గము. అచ్చటినుండి 1972లో ఎన్నికైన జలగం వెంగళరావు మరుసటి యేట ముఖ్యమంత్రి అయిరి. ఒక్కొక్క నియోజకవర్గమునకు ఒక్కొక్క సభ్యుడు. వేంసూరు సభ్యుడే మధిరకును సభ్యుడు కాజాలడు. తెలుగు గణితగ్రంథములు 'అన్వేక ప్రమేయము' అని చెప్పునది ఈ నియమమునే.

ఒక సమితిలోని ప్రతి మూలకమునకు మరొక సమితిలో ఒకే మూలకమును జతపరచునది ప్రమేయము. వేర్వేరు మూలకములకు వేర్వేరు జతలే లభించినచో అది అన్వేకము.

ఈ మాటను తొలిసారి చూచిన విద్యార్థి 'అనేక'మునకు అచ్చుతప్పు కాబోలునని భ్రమపడవచ్చును. విడదీసి చూచినచో భ్రమ తొలగును. అను, ఏక అను రెండు పదములు యణాదేశసంధిచే కలిసినవి. 'అను' అనగా వెంట. ఒకదాని వెంట ఒకటి. అనేకమునకు సరిగా ఎదురు.

రెండవ సమితిలో ఏదియు మిగులక జతపడినచో అది సంగ్రస్తము. గ్రస్తమనగా మ్రింగబడినది, రాహుగ్రస్తుడైన చంద్రుని ఎరిగినవారికి ఇది కొత్త మాట కాదు. నియోజకవర్గము లేని నియమిత సభ్యుడొక్కడు సభలోనున్నను, ఆ ప్రమేయము అన్వేకమే కాని సంగ్రస్తము కాదు. రెండు లక్షణములును కలిగినది ద్విగుణము. ఇచ్చట ద్విగుణమనగా రెట్టింపు కాదు, రెండు గుణములు కలది.

ఇంజెక్షన్, సర్జెక్షన్, బైజెక్షన్ అను మాటలను ఒక వరుసగా ప్రచారములోనికి తెచ్చినది ఫ్రాన్సు దేశపు గణితజ్ఞుల బృందము. నికొలా బుర్బాకి అను కల్పితనామముతో వారు 1954లో వెలువరించిన సమితిగ్రంథములో ఇవి కనిపించును. వీని మూలము విసరుట అను అర్థముగల లాటిన్ ధాతువు. ఇంజెక్షన్ అనగా లోనికి విసరుట. వైద్యుని సూదిమందును దాని తోబుట్టువే. కాని ప్రతి ప్రమేయమును లోనికి విసరునదే కదా! రెండు ఒకచోట పడరాదను నియమము ఆ మాటలో లేదు. తెలుగు మాటలో ఉన్నది.

ఆ నియమము తప్పిన సందర్భమును తెలుగువారు చూచియున్నారు. 1985లో నందమూరి తారక రామారావు గుడివాడ, హిందూపురం, నల్గొండ మూడింటను గెలిచిరి. మూడు స్థానములకు ఒకే సభ్యుడు! చట్టము అందుకు ఒప్పదు. ఆయన హిందూపురమును నిలుపుకొనగా, తక్కిన రెండింటికి ఉపయెన్నికలు జరుగవలసి వచ్చినది.

నిర్వచనమును వల్లించిన విద్యార్థి పరీక్షలో గట్టెక్కవచ్చును. సంధి విడదీసి చూపిన నాడు ఆ నిర్వచనమును అతడే చెప్పగలడు. గణితపు తరగతిలో తెలుగు వ్యాకరణమునకు ఆపాటి చోటు ఉండవలెను.