తేదీ వ్రాయు తీరు

కాగితముపై 03/04/2025 అని వ్రాసియున్నదనుకొందము. మనము దానిని ఏప్రిల్ 3వ తేదీగా చదువుదుము; అమెరికావారు మార్చి 4వ తేదీగా చదువుదురు. అంకెలు అవియే, అర్థములో మాత్రము ముప్పది దినముల యెడము. మనుష్యుడు సందేహము కలిగినచో ఎదుటివారిని అడుగును. కంప్యూటరు అట్లడుగదు, తనకు నేర్పిన క్రమములోనే చదివి సాగిపోవును. తేదీ 13గాని అంతకు మించిగాని యున్నచో, అట్టి నెల లేదు గనుక పొరపాటు బయటపడవచ్చును. మొదటి 12 దినములలో తప్పు కూడ ఒప్పువలెనే కనబడును. శిశువునకు టీకా వేయవలసిన దినము, పరీక్షకు దరఖాస్తు గడువు, రైలు ప్రయాణము - ఇవన్నియు నేడు కంప్యూటరు లెక్కలోనివే గదా!

ఈ చిక్కును తొలగించుటకై అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ 1988లో ఐఎస్ఓ 8601 అను పద్ధతిని ప్రకటించినది. అందు సంవత్సరము ముందు, పిమ్మట నెల, తుదకు దినము: 2025-04-03. సంవత్సరమునకు నాలుగంకెలు, నెలకును దినమునకును రెండేసి. పూర్వము స్థలము కలిసివచ్చునని సంవత్సరమును రెండంకెలతో సరిపెట్టిన ప్రోగ్రాములకు 2000వ సంవత్సరము 1900గా తోచు ప్రమాదమేర్పడగా, వానిని సవరించుటకు ఎన్నో దేశములు శ్రమపడవలసివచ్చినది. సున్నలకును ప్రయోజనము కలదు. వానిని పాటించినచో అక్షరక్రమమున పేర్చిన తేదీలు కాలక్రమముననే నిలుచును. సున్నలు విడిచి 2025-4-3 అని వ్రాసినచో, అక్టోబరు నాటి 2025-10-03 దానికి ముందు వచ్చి కూర్చుండును.

ఇక గంటల మాట. హైదరాబాదులోని తల్లి ఆ ఏప్రిల్ 3వ తేదీన సాయంకాలము 6.30కు డల్లాస్‌లోని కుమారునితో మాటలాడదలచినచో, అతనికది ఉదయము 8 గంటలు. అచ్చట చలికాలమున గడియారమును గంట వెనుకకు త్రిప్పుదురు గనుక, జనవరిలో అదే వేళ అతనికి 7 గంటలగును. కావున 18:30 అని విడిచిపెట్టక 18:30+05:30 అని వ్రాయుదురు. విశ్వకాలమునకు మన కాలము 5 గంటల 30 నిమిషములు ముందున్నదని దాని భావము.

ప్రోగ్రాములు వ్రాయు యువకులకు మేము చెప్పదలచినది ఇంతియే. కాలమును దాచుట యొక పని, చూపుట మరియొక పని. దాచునప్పుడు సందేహమునకు తావులేని రూపమును, చూపునప్పుడు చదువరికి అలవాటైన రూపమును వాడవలెను. నెల పేరును అక్షరములలో వ్రాసి చూపినచో ఏ దేశమువారును పొరబడరు.