అంచే కదా అని వదిలేస్తే!

మా భట్టిప్రోలు స్తూపంలో దొరికిన రాతి భరిణెల మీది అక్షరాలు 2,000 ఏళ్లకు పైగా నిలిచాయి. నిరుడు మా అమ్మాయి కోసం కొన్న ఎండీఎఫ్ పుస్తకాల స్టాండు మాత్రం ఒక్క వానాకాలానికే నానబెట్టిన శనగల్లా ఉబ్బింది! పైన రంగు నిగనిగలాడుతూనే ఉంది. లోపమంతా అంచుల్లోనే.

చెక్కపీచును జిగురుతో కలిపి, వేడి మీద అదిమి చేసేదే ఈ బోర్డు. పైభాగం గట్టిగా ఉన్నా, కోసిన అంచు నీళ్లను ఇట్టే పీల్చేస్తుంది. ఒకసారి ఉబ్బితే ఎండబెట్టినా మామూలవదు.

ఈసారి బోర్డు కోయించి తెచ్చుకుని రంగు నేనే వేశాను. మీరూ వేసుకోవచ్చు. దుమ్మును ఆపే మాస్కు పెట్టుకుని, ఆరుబయట 180 నంబరు గరుకు కాగితంతో అంచులు రుద్దండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. పిల్లల్ని దగ్గరకు రానీయకండి. పొడిగుడ్డతోనే తుడవండి, తడిగుడ్డ వద్దు. అంచులకు పల్చగా లప్పం పెట్టి, ఆరాక 220 నంబరుతో నున్న చేయండి. తర్వాత ఆయిల్ ప్రైమర్. పైన ఒక పూత, అంచులకు రెండు. కనిపించదు కదా అని వెనకవైపు వదలకండి, పలక వంగుతుంది. ఆపైన ఎనామిల్ రంగు రెండు పల్చటి పూతలు. పూతకీ పూతకీ మధ్య ఒక రాత్రి ఆరనివ్వాలి.

ముసురు రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు. ఎంత రంగు వేసినా సరే, సింకు కింద ఈ బోర్డు వద్దే వద్దు.

2,000 ఏళ్లు కాకపోయినా, పిల్ల పదో తరగతి గట్టెక్కేదాకా అయినా నిలవాలిగా మరి!