పాటల పంతుళ్లకూ ఓ బడి!

లెక్కల మాస్టారికి సందేహం వస్తే పక్క కుర్చీలో మరో లెక్కల మాస్టారు ఉంటారు. మరి సంగీతం టీచరుకి వస్తే? చాలా బడుల్లో ఆ సబ్జెక్టుకి ఆవిడ ఒక్కరే. అలాంటి ఒంటరి పంతుళ్లంతా సెలవుల్లో ఒకచోట చేరతారు. మళ్లీ విద్యార్థులైపోతారు. పాడటం కాదు... పాడించడం నేర్చుకుంటారు!

అందరూ పెద్దవాళ్లే. జుట్టు నెరిసినవాళ్లూ ఉంటారు. గుండ్రంగా నిలబడి, పిడికిలి బిగించి నడుము దగ్గర పెట్టి 'డో' అంటారు. అరచేతిని ఏటవాలుగా లేపి 'రే' అంటారు. నేలకు సమాంతరంగా చాపితే 'మి'. బొటనవేలు కిందికి చూపిస్తే 'ఫా'. అరచేతిని తమవైపు తిప్పుకుంటే 'సో'. మణికట్టు దగ్గర చేతిని వేలాడేస్తే 'లా'. చూపుడువేలు పైకెత్తితే 'టీ'. చేయి ఒక్కో స్వరానికీ ఒక్కో మెట్టు ఎక్కుతుంది. కళ్ల ఎత్తు దాటాక మళ్లీ పిడికిలి... పై డో!

చూసేవాళ్లకి ఇది పిల్లల ఆటలా అనిపిస్తుంది. కానీ ఆడుతున్నవాళ్లు బడుల్లో సంగీతం చెప్పే టీచర్లు. హంగరీలోని కెచ్‌కెమేట్ పట్టణంలో 1970 నుంచీ ఇలాంటి వేసవి సెమినార్లు జరుగుతున్నాయి. దేశదేశాల టీచర్లు అక్కడికి వచ్చి పాడతారు, పాఠం చెబుతారు, తోటివాళ్లు చెబుతుంటే వింటారు. సంగీతం వచ్చినవాళ్లకి మళ్లీ సంగీత పాఠాలేంటి అంటే... దానికో కథ ఉంది.

ముప్ఫై ఏళ్ల నష్టం

ఆ కథలో నాయకుడు జోల్తాన్ కొదాయ్. 1882లో అదే కెచ్‌కెమేట్‌లో పుట్టాడు. పేరున్న స్వరకర్త. 1905 నుంచీ ఊళ్లు పట్టుకు తిరిగి పల్లె పాటలు సేకరించాడు. మిత్రుడు బేలా బార్తోక్‌తో కలిసి మరుసటేడే వాటిని పుస్తకంగా తెచ్చాడు. పేరూ ప్రతిష్ఠా ఉన్న అలాంటి మనిషి దృష్టి 1925 ప్రాంతంలో బడిపిల్లల మీద పడింది. వాళ్లు పాడుతున్న పాటలు విని ఆయన కంగారుపడిపోయాడు. పాటల్లో పసలేదు, పాడటంలో శ్రుతి లేదు. అప్పట్నుంచీ పిల్లల కోసం పాటలు రాయడం మొదలుపెట్టాడు.

కానీ పాట రాస్తే సరిపోతుందా? దాన్ని నేర్పేవాళ్లు ఉండాలి కదా! 1929లో రాసిన ఓ వ్యాసంలో కొదాయ్ పెద్ద మాటే అన్నాడు. రాజధానిలోని ఒపేరాకి అధిపతి ఎవరన్నదానికన్నా, ఓ చిన్న ఊరి బడిలో సంగీతం పంతులెవరన్నదే ముఖ్యమన్నది దాని సారాంశం. కారణం కూడా చెప్పాడు. ఒపేరా అధిపతి చేతకానివాడైతే నాలుగు రోజుల్లో తెలిసిపోతుంది, తప్పించేస్తారు. పంతులు చేతకానివాడైతే ఎవరికీ తెలియదు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ముప్ఫై జట్ల పిల్లలకి పాటంటే ఇష్టం లేకుండా చేసి వెళ్లిపోతాడు!

టీచర్ల శిక్షణ మీద ఇప్పటికీ ఇంతకన్నా సూటి వాదన దొరకదు.

ఓ బడి... ఓ మఠం

1950లో కెచ్‌కెమేట్‌లోనే మార్తా నెమెష్‌సెగీ అనే ఉపాధ్యాయురాలి సారథ్యంలో ఓ ప్రాథమిక పాఠశాల మొదలైంది. మామూలు బడే. కాకపోతే అక్కడ పాట దాదాపు రోజూ ఉండే పాఠం. తర్వాత ఇలాంటి బడులు హంగరీ అంతటా వచ్చాయి. 1964లో ప్రపంచ సంగీత ఉపాధ్యాయుల సమావేశం బుడాపెస్ట్‌లో జరిగింది. చూడ్డానికొచ్చిన విదేశీయులు అక్కడి పిల్లల పాట విని తెల్లబోయారు. 'మాకూ నేర్పండి' అన్నారు. అలా మొదలైన రాకపోకలే వేసవి సెమినార్లకు దారితీశాయి. 1975లో, ఒకప్పటి ఫ్రాన్సిస్కన్ సన్యాసుల మఠంలో కొదాయ్ పేరుతో ఏకంగా ఓ సంస్థే వెలిసింది. ఆయన మాత్రం దాన్ని చూడలేదు. 1967లోనే కన్నుమూశాడు. ఆయన బాటలో జానపద సంగీతాన్ని కాపాడుతున్న తీరుని 2016లో యునెస్కో మంచి పద్ధతుల జాబితాలో చేర్చింది.

ఇంకో సంగతి. పైన చెప్పిన చేతి గుర్తులు కొదాయ్ కనిపెట్టినవి కావు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ కర్వెన్ తయారుచేశాడు. కర్వెన్ పద్ధతికేమో నార్విచ్ టీచరు సారా గ్లోవర్ ఆధారం. మంచి టీచర్లు ఒకరి దగ్గర మరొకరు నేర్చుకుంటూ వచ్చిన పద్ధతే అదంతా!

పంతులే పిల్లాడైతే...

ఇలాంటి శిబిరాల్లో ఉపన్యాసాలు తక్కువ. పొద్దున్నే అందరూ కలిసి బృందగానం. తర్వాత స్వరాభ్యాసం. ఆ తర్వాత పాఠం చెప్పే పద్ధతి మీద తరగతి. టీచర్లలోంచే ఒకరు లేచి కాసేపు పాఠం చెబుతారు. మిగిలినవాళ్లంతా పిల్లలైపోతారు. ఎక్కడ తడబడ్డారో, ఏ మాట అనవసరమో, పిల్లలు ఎక్కడ దిక్కులు చూస్తారో తర్వాత చర్చ.

అసలు మర్మమంతా ఇక్కడే ఉంది. ఇరవై ఏళ్లుగా పాడుతున్న మనిషికి 'స' నుంచి 'ప'కి వెళ్లడం ఊపిరి పీల్చినంత తేలిక. ఆ తేలికే అడ్డు! తనకి ఇంత సులువైంది పిల్లాడికి ఎందుకు రావడంలేదో ఆ టీచరుకి అర్థంకాదు. శిబిరంలో కుడిచేత్తో ఒక స్వరం, ఎడంచేత్తో ఇంకో స్వరం చూపించి రెండు జట్లతో ఒకేసారి పాడించమంటారు. తెలియని భాషలో పాట ఇచ్చి పాడమంటారు. గొంతు తడబడుతుంది. చెవులు ఎర్రబడతాయి. ఆ క్షణంలో తన తరగతిలో తలదించుకుని కూర్చునే పిల్లాడి పరిస్థితి ఎలా ఉంటుందో తెలిసొస్తుంది.

ఆటలూ ఉంటాయి. అందరికీ వచ్చిన పాట అందుకుంటారు. టీచరు చప్పట్లు కొట్టగానే నోళ్లు మూసేసి మనసులోనే పాడుకోవాలి. మళ్లీ చప్పట్లు కొట్టగానే పైకి పాడాలి. అందరూ ఒకే చోట అందుకుంటే పాట లోపల ఆగకుండా నడిచినట్టు! ఇంట్లో పిల్లలతో సరదాగా ఆడుకోవచ్చు కూడా. ఏ పరికరమూ అక్కర్లేదు.

'నువ్వు పెదాలు కదుపు చాలు'

చాలామంది పెద్దవాళ్లకి ఈ మాట గుర్తుండే ఉంటుంది. బడి వార్షికోత్సవానికి ప్రార్థనా గీతం నేర్పుతుంటారు. ఒకరిద్దరి గొంతు పక్కకి పోతుంది. 'నువ్వు పాడకు, ఊరికే పెదాలు కదుపు' అంటారు టీచరు. ఆ ఒక్క మాటతో ఆ పిల్లాడు జన్మలో మళ్లీ నోరు విప్పడు. 'నాకు పాట రాదండీ' అని యాభై ఏళ్లొచ్చినా చెప్పుకుంటూనే ఉంటాడు.

నిజానికి స్వరాల తేడా పుట్టుకతోనే పసిగట్టలేనివాళ్లు చాలా తక్కువమంది. మిగతా పిల్లల సమస్యలకి మామూలు కారణాలే ఉంటాయి. కొందరు మాట్లాడే గొంతుతోనే పాడబోతారు. కొందరికి సిగ్గు. కొందరికి టీచరు పట్టిన శ్రుతే అందదు. మాస్టారు మగవారైతే ఆయన గొంతు పిల్లల గొంతుకన్నా ఓ స్థాయి కింద ఉంటుంది. దాన్ని అందుకోవాలని పిల్లాడు గొంతు బిగించి గొణుగుతాడు. తప్పు పిల్లాడిది కాదు, శ్రుతిది!

శిబిరాల్లో దీనికి విరుగుడు నేర్పుతారు. కోయిలతో పోటీపడినట్టు 'కూ' అనిపిస్తారు. దూరాన ఉన్నవాళ్లని పిలిచినట్టు గొంతెత్తి పిలిపిస్తారు. అంబులెన్సు సైరన్‌లా గొంతుని పైకీ కిందికీ జార్పిస్తారు. పిల్లాడికి తెలియకుండానే పాడే గొంతు దొరుకుతుంది. హాజరు పట్టీనీ పాటే చేస్తారు. టీచరు పేరుని రెండు స్వరాల్లో పాడితే, పిల్లలు అదే వరసలో బదులివ్వాలి. ఒక్కొక్కరి గొంతూ విడిగా వినిపిస్తుంది... పరీక్ష పెట్టినట్టే ఉండదు!

అన్నింటికన్నా ముఖ్యమైన సూత్రం మరోటుంది. పిల్లాడు టీచరు స్వరాన్ని అందుకోలేకపోతే టీచరే పిల్లాడి స్వరాన్ని అందుకోవాలి. వాడు ఏ స్వరం పాడితే ఆ స్వరంలోనే గొంతు కలపాలి. రెండు గొంతులు కలవడమంటే ఏంటో వాడి చెవికి అప్పుడు తెలుస్తుంది. అక్కణ్నుంచి కొద్దికొద్దిగా పైకి తీసుకెళ్లాలి. వినడానికి చిన్న చిట్కాలా ఉంటుంది. చేయాలంటే మాత్రం చెవీ ఓపికా రెండూ కావాలి.

మోహన తలుపు తట్టింది

ఇదంతా పరదేశీ గొడవ అనుకోనక్కర్లేదు. కొదాయ్ పద్ధతిలో 'డో' ఒకచోట కట్టేసి ఉండదు. పాడేవాళ్ల గొంతుని బట్టి ఎక్కడైనా పెట్టుకోవచ్చు... అచ్చం మన షడ్జమంలాగే. లయకి వాళ్లు 'తా', 'తి-తి' అంటారు. మనకి 'తకిట', 'తకధిమి' ఉండనే ఉన్నాయి.

పిల్లలకి మొదట నేర్పే స్వరాలు రెండే. 'సో', 'మి'. అంటే మన 'ప', 'గ'. తర్వాత మెల్లగా 'లా', 'డో', 'రే' వచ్చి చేరతాయి. ఈ అయిదింటినీ వరసగా పాడి చూడండి. స రి గ ప ద... మోహన! అదే స్వరాల్లో 'లా'ని ఆధారంగా పెట్టుకుంటే మన శుద్ధ ధన్యాసి స్వరాలు వస్తాయి. హంగరీ పాత జానపద గీతాల్లో చాలావాటికి ఆ వరసే ప్రాణం.

ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో 1961లో మొదలైన ఓర్ఫ్ సంస్థదీ ఇలాంటి దారే. జర్మన్ స్వరకర్త కార్ల్ ఓర్ఫ్, ఆయన సహోద్యోగి గునిల్డ్ కీట్‌మన్ కలిసి రూపొందించిన పద్ధతిలో పిల్లలు వాయించే వాద్యాల పలకలు ఊడదీసి పెట్టుకోవచ్చు. 'ఫా', 'టీ' పలకలు తీసేస్తే మిగిలేవి ఆ అయిదు స్వరాలే. పిల్లాడు ఎక్కడ కొట్టినా చెవికి ఇంపుగానే ఉంటుంది. తప్పు వాయిస్తానేమోనన్న భయం పోతుంది.

మన దగ్గర మొదటి పాఠం మాయామాళవగౌళ. సరళీ స్వరాల నుంచి మలహరి గీతాల దాకా ఆ బాట వేసినవాడు పురందరదాసు. గురువు ఎదుట కూర్చుని ఏళ్లతరబడి నేర్చుకునేవాళ్లకి అది బంగారుబాట. మరి వారానికి ఒక్క పీరియడు, గదిలో నలభై మంది పిల్లలు ఉండే బడికి? అక్కడ గురుకులం పద్ధతి యథాతథంగా నడవదు. కచేరీ చేయడం వేరు, గురువుగా నేర్పడం వేరు, తరగతి నడపడం ఇంకా వేరు. ఆ మూడో విద్య కోసమే శిబిరాలు.

ఒక్కరోజు చాలదు

ఓ పూట ఉపన్యాసం, భోజనం, సర్టిఫికెట్... ఇలాంటి శిక్షణతో తరగతిలో మారేదేమీ ఉండదు. అమెరికాలో కొదాయ్, ఓర్ఫ్ కోర్సుల్ని మూడు అంచెలుగా పెట్టారు. సాధారణంగా వేసవికి ఒక అంచె. ఓర్ఫ్ కోర్సుల్లో ఒక్కో అంచెకీ కనీసం 60 గంటలు. టీచర్లు నేర్చుకుంటారు, బడికెళ్లి ఏడాదంతా ప్రయత్నిస్తారు, ఏది కుదిరిందో ఏది కుదర్లేదో మూటగట్టుకుని మళ్లీ వస్తారు. కొదాయ్ కోర్సుల్లో ఇంటిపనీ ఉంటుంది. జానపద గీతాలు సేకరించి, ఏ పాటతో ఏ స్వరం, ఏ లయ నేర్పొచ్చో విడదీసి పెట్టుకోవాలి.

ఆ ఇంటిపని తెలుగు టీచర్లకిస్తే? గొబ్బి పాటలు, బతుకమ్మ పాటలు, లాలి పాటలు, చెమ్మచెక్కలు... ముడిసరుకుకి కొదవే లేదు. పిల్లలు మాతృభాషతో చదువు మొదలుపెట్టినట్టే సొంత నేల పాటతోనే సంగీతమూ మొదలుపెట్టాలన్నది కొదాయ్ నమ్మకం కూడా.

మనకీ కొన్ని దారులున్నాయి. కమలాదేవి ఛటోపాధ్యాయ, కపిలా వాత్స్యాయన్‌ల ఆలోచనతో 1979లో ఢిల్లీలో ఏర్పాటైన సీసీఆర్టీ... కళల్ని పాఠాల్లో కలపడమెలాగో టీచర్లకి నేర్పుతోంది. వేర్వేరు భారతీయ భాషల పాటలూ పాడిస్తుంది. హైదరాబాద్‌లో దానికి ప్రాంతీయ కేంద్రం ఉంది. కళలు పదో తరగతి దాకా పాఠ్యాంశంగా ఉండాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. టీచర్లు ఏటా కనీసం 50 గంటలు తమ వృత్తిలో మెరుగుపడేందుకు వెచ్చించాలని 2020 నాటి జాతీయ విద్యావిధానం అంటోంది. సంగీతం టీచరుకి ఆ 50 గంటలూ ఏవో సాధారణ తరగతులతో కాకుండా పాటతో, పాఠంతో గడిస్తే ఎంత బాగుంటుంది!

ఖర్చా... పెద్దగా లేదు. ఓ మండలంలోనో, ఓ పట్టణంలోనో సంగీతం చెప్పే పదిమంది నెలకో శనివారం కలిస్తే చాలు. ఒకరు పాఠం చెబితే తొమ్మిదిమంది పిల్లలై కూర్చోవచ్చు. కావాల్సింది తోటివాళ్ల ముందు తప్పు పాడటానికి సిద్ధపడే మనసు.

ఫలితం కొలవాలన్నా సర్టిఫికెట్లు లెక్కపెట్టక్కర్లేదు. ఈసారి బడి వార్షికోత్సవానికి వెళ్లినప్పుడు మైకు ముందు పాడే నలుగురిని కాసేపు వదిలేయండి. వెనక వరసలో చివరన నిలబడ్డవాణ్ని చూడండి. వాడు పెదాలు కదుపుతున్నాడా... పాడుతున్నాడా?